పేరు పెట్టి రాసిన వరుసలు

1927 డిసెంబరులో న్యూయార్క్ హార్లెంలోని కాటన్ క్లబ్‌లో జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం కొలువు కుదిరింది. వేదిక మీద వాయించేది నల్లవాళ్లు, కింద కూర్చుని తాగేది, ఆడేది తెల్లవాళ్లు. ఆ గదిలోంచే ఈ బృందం సంగీతాన్ని రేడియో దేశమంతా మోసుకెళ్లింది.

నాకు ముచ్చట గొలిపేది ఎల్లింగ్టన్ పనితనం. స్వరాల కాగితం మీద మూడో ట్రంపెట్, రెండో శాక్సఫోన్ అని కాకుండా, వాయించే మనిషి పేరే రాసేవారు. ఎవరి ఊపిరి ఎంత, ఎవరి నాదంలో జీర ఎక్కడ, అన్నీ ఎరిగి కట్టిన వరుసలవి. బృందంలోని ట్రికీ శామ్ నాంటన్ తన ట్రాంబోన్ మూతికి రబ్బరు కప్పు అడ్డుపెట్టి, మూస్తూ తెరుస్తూ వాయిస్తే ఇత్తడి గొట్టం అచ్చం మనిషిలా గొణిగేది, మూలిగేది. ఆ కప్పు ఏమిటంటారా? సింకు పూడుకుపోతే వాడతామే, ఆ రబ్బరు పంపుదే!

పెద్ద బృందాలకు రోజులు చెల్లాక చాలామంది దుకాణం కట్టేశారు. ఎల్లింగ్టన్ మాత్రం తన పాటల రాయల్టీలు జీతాల్లో పోసి మరీ నెట్టుకొచ్చారు. బ్యారిటోన్ శాక్సఫోన్ వాయించే హ్యారీ కార్నీ 1927లో కుర్రాడిగా చేరి, 1974లో ఎల్లింగ్టన్ పోయేదాకా వదల్లేదు. ఊళ్లు తిరిగేటప్పుడు ఆయన కారు నడిపిందీ కార్నీయే.