ఏడు నుంచి డెబ్బై రెండు దాకా

పాత పద్ధతిలో రాసిన ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాం తెరవగానే మొహం చిట్లించేవాళ్లు ఎక్కువయ్యారు. పంచ్ కార్డులు ఎప్పుడో పోయాయి, ఇంకా ఈ కాలమ్‌ల గొడవేమిటంటారు. ఆ కాలమ్‌లలోనే దాని అందమంతా ఉందంటాను నేను.

నియమాలు నాలుగే. మొదటి కాలమ్‌లో సి ఉంటే వ్యాఖ్య. ఒకటి నుంచి ఐదు దాకా లేబుల్ నంబరు. ఆరో కాలమ్‌లో గుర్తు పడితే పై లైనుకు కొనసాగింపు. ఏడు నుంచి 72 దాకా అసలు స్టేట్‌మెంట్. 1957లో జాన్ బాకస్ బృందం ఈ భాషను అందించిన ఐబీఎం 704 యంత్రం కార్డులోని 80 కాలమ్‌లలో 72 మాత్రమే చదివేది, అందుకే ఆ హద్దు.

ఇక పనితనం చూడండి. ఎడమ అంచున కన్ను కిందికి జారిస్తే చాలు, నియంత్రణ ఎక్కడెక్కడికి దూకగలదో తెలిసిపోతుంది. లైను కొనసాగుతోందని దాని మొదట్లోనే కనబడుతుంది. 1990 ప్రమాణంతో వచ్చిన ఫ్రీ ఫామ్‌లో ఆ గుర్తు కుడి చివర ఉంటుంది. ఆ ప్రమాణం ప్రకారం 132 అక్షరాల దాకా సాగే లైనులో దాన్ని వెతుక్కోవాలి.

జాక్ డొంగారా, ఆయన సహచరులు మలచిన మాత్రిక గణిత లైబ్రరీ లాపాక్‌ను చదివినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. డీజీఈటీఆర్‌ఎఫ్ అన్న ఆరక్షరాల పేరులోనే డబుల్ ప్రెసిషన్, సాధారణ మాత్రిక, త్రిభుజాకార విభజన మూడూ ఇమిడిపోయాయి. ప్రతి రొటీన్ పైనా దాని ప్రయోజనం, ఏది లోపలికి వెళుతుందో, ఏది బయటికి వస్తుందో వివరంగా రాసి ఉంటుంది. ఎంత శ్రద్ధ! నేటికీ పైథాన్ నంపైలో సమీకరణాలు సాధించమంటే అది పిలిచేది లాపాక్ పేర్లనే.

మరో నేర్పు ఉంది. 73వ కాలమ్‌లో ఒక ఆంపర్‌శాండ్, కింది లైను ఆరో కాలమ్‌లో ఇంకొకటి పెడితే అదే వాక్యం రెండు పద్ధతుల్లోనూ కంపైల్ అవుతుంది. పాత పద్ధతి మొదటిదాన్ని పట్టించుకోదు, కొత్తదానికి మొదటిది కావాలి, రెండోది ఉన్నా అభ్యంతరం లేదు. హద్దులు క్షుణ్ణంగా తెలిసినవాడికే తట్టే ఉపాయమిది!

పాత పద్ధతికి లోపం లేదనను. ఖాళీలను లెక్కచేయదు కాబట్టి డూ లూప్‌లో కామా బదులు చుక్క పడితే అది నిశ్శబ్దంగా మామూలు అసైన్‌మెంట్ అయిపోతుంది. కానీ 1995 ప్రమాణం ఈ పద్ధతిని కాలం చెల్లినదిగా ప్రకటించాక జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. ఏదో టూల్‌లో వేసి తిప్పడం, సిని ఆశ్చర్యార్థకంగా మార్చడం, వ్యాఖ్యలు చిందరవందర చేయడం, ఆధునికీకరించామని ప్రకటించుకోవడం! గోటోలు అలాగే ఉంటాయి, అప్రకటిత వేరియబుల్స్ అలాగే ఉంటాయి, పోయింది అమరిక ఒక్కటే. ఇది ఆధునికత కాదు, నకిలీ.

తిరగరాయాలనుకుంటే చేత్తో రాయండి, పాత ఫలితాలతో సరిచూడండి, వ్యాఖ్యల జోలికి పోకండి. న్యూమరికల్ మెథడ్స్ చెప్పే అధ్యాపకులారా, మీ విద్యార్థుల చేత ఒక్కసారైనా డీజీఈటీఆర్‌ఎఫ్‌ను మొదటి లైను నుంచి చివరిదాకా చదివించండి.