స్టాక్ ఓవర్‌ఫ్లో: పాఠంలో చెప్పని సగం

కంప్యూటరు పాఠాలలో ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ అనే మాట వచ్చినచోట దాదాపు ఎల్లప్పుడూ ఒకే ఉదాహరణ కనిపిస్తుంది. తనను తాను పిలుచుకొనే ఫంక్షను ఒకటి వ్రాస్తారు. ఎక్కడ ఆగవలెనో చెప్పడం మరచినట్లు చూపుతారు. ప్రోగ్రాము కూలుతుంది. దీనికి ‘అంతులేని రికర్షన్’ అని పేరు. ఇందులో అసత్యమేమీ లేదు. కాని విషయంలో ఇది సగమే. మిగిలిన సగం చెప్పకపోవడం వల్ల కలిగే నష్టాన్ని ఆదోని ప్రాంతంలో ఒక ప్రాక్టికల్ పరీక్షలో కళ్ళారా చూడవలసి వచ్చింది.

ఎమ్మిగనూరు నుంచి వచ్చే ఒక విద్యార్థిని, వేడిచేసిన లోహపు పలకపై ఉష్ణోగ్రత ఎట్లా వ్యాపిస్తుందో లెక్కకట్టే ప్రోగ్రామును సి భాషలో వ్రాసింది. పలకను 600 అడ్డవరుసలుగా, 600 నిలువు వరుసలుగా విభజించి, ప్రతి గడికీ 8 బైట్ల సంఖ్యను కేటాయించింది. ఇంట్లో లినక్సు కంప్యూటరుపై అది చక్కగా నడిచింది. పరీక్షగదిలోని విండోస్ యంత్రంపై ఒక్క అక్షరమైనా చూపకుండానే ఆగిపోయి, తెరపై -1073741571 అనే సంఖ్యను మిగిల్చింది. విండోస్ పరిభాషలో ఆ సంఖ్యకు స్టాక్ ఓవర్‌ఫ్లో అని అర్థం. పరీక్షకుడు ‘అంతులేని రికర్షన్’ అని వ్రాసి మార్కులు తగ్గించాడు. ఆ ప్రోగ్రాములో రికర్షన్ అన్నదే లేదు!

స్టాక్ అంటే దొంతర. ఒక ఫంక్షను మరొకదానిని పిలిచినప్పుడల్లా, తిరిగి రావలసిన చోటు చిరునామాను, ఆ ఫంక్షను సొంత చలరాశులను దొంతరపై పేర్చుతారు. పని ముగియగానే తీసివేస్తారు. మరి ఈ దొంతరకు ఎంత చోటు ఉన్నది? సి భాషా ప్రమాణపత్రం ఈ సంగతి చెప్పదు. అందులో స్టాక్ అనే మాటే కనిపించదు. చోటును నిర్ణయించేది ప్రోగ్రామును నడిపే వ్యవస్థ. లినక్సులో ప్రధాన త్రెడ్డుకు మామూలుగా 8 మెగాబైట్లు. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ లింకరు, వేరుగా కోరకపోతే, 1 మెగాబైటు ఇస్తుంది. అక్కడే గ్నూ లింకరు వాడితే 2. ఆ పట్టికకు కావలసినది 600×600×8, అనగా 28,80,000 బైట్లు. ఎనిమిదిలో ఇమిడింది, రెండులో ఇమడలేదు.

ఆ విద్యార్థిని ఊరి నేతగాండ్రకు ఇటువంటి చిక్కు తెలియనిది కాదు. గుంటమగ్గాన్ని ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మార్చితే కొయ్యలన్నీ వెంట వస్తాయి, గుంట మాత్రం రాదు. కొత్త ఇంటిలో లోతు చాలకపోతే కాలితో తొక్కే కర్రలు నేలకు తగులుతాయి. అప్పుడు నేతగాడు గుంటను చూస్తాడు కాని మగ్గాన్ని తిట్టడు.

ప్రధాన త్రెడ్డుతో కథ ముగియదు. మాక్ యంత్రాలలో ప్రధాన త్రెడ్డుకు 8 మెగాబైట్లు ఉన్నా, అదనపు త్రెడ్డులకు 512 కిలోబైట్లే. లినక్సులోనే గ్నూ సి లైబ్రరీ బదులు ‘మజిల్’ అనే చిన్న లైబ్రరీ వాడే ఆల్పైన్ పంపిణీలో అదనపు త్రెడ్డుకు దొరికేది 128 కిలోబైట్లు. అనగా ఎనిమిది మెగాబైట్లలో అరవైనాలుగవ వంతు. రెండింటి పేరూ లినక్సే కావడం చేత జనం మోసపోతారు. ఇక 32 బిట్ల యంత్రం నుంచి 64 బిట్ల యంత్రానికి మార్చినప్పుడు ప్రతి చిరునామా 4 బైట్ల నుంచి 8 బైట్లకు పెరుగుతుంది కనుక, అదే ప్రోగ్రాము ఎక్కువ దొంతరను కోరుతుంది.

రోగనిర్ణయం కష్టమైనదేమీ కాదు, అయినా మన ప్రాక్టికల్ పుస్తకాలలో దానికి ఒక పేజీ దొరకదు. డీబగ్గరులో పిలుపుల వరుసను చూడవలెను. ఒకే పేరు వేలసార్లు కనిపిస్తే అది రికర్షన్. రెండు మూడు పేర్లే ఉండి, ఫంక్షను ఆరంభంలోనే కూలితే పెద్ద పట్టికను అనుమానించవలెను. లినక్సులో ‘యులిమిట్’ ఆజ్ఞతో హద్దును తాత్కాలికంగా పెంచి చూడవచ్చు. ప్రోగ్రాము పూర్తిగా నడిస్తే దాని అవసరం పెద్దదే కాని పరిమితమైనది; మరికొంత దూరం పోయి మళ్ళీ కూలితే అప్పుడు అంతులేని రికర్షన్ మాట ఎత్తవచ్చు.

‘హద్దు పెంచితే సరి’ అనే సలహా కూడా విమర్శకు తగినదే. ఎంత కావలెనో కొలవకుండా పెంచడం, గుంటను చూడకుండా త్రవ్వడం వంటిది. పైగా కూలడమే అన్నిటికన్న పెద్ద కీడు కాదు. దొంతర చివర కాపలాగా ఒక ఖాళీ పేజీ ఉంటుంది. పెద్ద పట్టిక ఆ పేజీని తాకకుండా దాటిపోతే ప్రోగ్రాము ఆగదు, పక్కనున్న విలువలను చెరిపివేస్తుంది. 2017లో ‘స్టాక్ క్లాష్’ అన్న పేరుతో బయటపడిన భద్రతాలోపాల మూలం ఇదే. ఆ సందర్భంలోనే లినక్సు కెర్నెలు కాపలా చోటును 4 కిలోబైట్ల నుంచి 1 మెగాబైటుకు పెంచింది.

విద్యార్థిని చేయవలసిన మార్పు స్వల్పం: పట్టికను దొంతరపై కాక, ‘మాలాక్’ ద్వారా హీప్‌లో తెచ్చుకొనడం. రెండు పంక్తులు మార్చగానే రెండు యంత్రాలపైనా నడిచింది. మార్కులు మాత్రం మారలేదు. ఉపాధ్యాయులు తరగతిలోనే ఈ పరీక్ష చేయించవచ్చు: అదే ప్రోగ్రామును 300, 400, 600 వరుసలతో నడిపి, ఏ యంత్రంపై ఏ సంఖ్య వద్ద కూలినదో పిల్లలచేత వ్రాయించవలెను. మైక్రోసాఫ్ట్ లింకరుతో 300 నిలుస్తుంది, 400 నిలువదు. గ్నూ లింకరుతో 400 కూడా నిలుస్తుంది.