పట్టేసిన నట్టు

దమ్ము చేసిన ట్రాక్టరును కడగకుండా షెడ్డులో వదిలేస్తే, క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుంటుంది. బయట నిలిపి, నిలువు సైలెన్సరు మీద డబ్బా బోర్లించడం మరిచారా, వాన నీరు ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉన్న సిలిండర్లోకి దిగుతుంది. పిస్టన్ రింగులు పట్టేస్తాయి.

పాత మహీంద్రా బి-275 ఇలా వస్తే తెలిసిన మెకానిక్ సుత్తి ముట్టుకోడు. ఇంజెక్టర్లు ఊడదీసి, ఆ రంధ్రాల్లో డీజిలూ ఆయిలూ కలిపి పోసి, రెండు మూడు రోజులు ఊరుకుంటాడు. (ఓనరుకు ప్రాణం మీదికొచ్చేది అప్పుడే.) తరవాత ఫ్లైవీలును ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదుపుతాడు.

అసలు పనితనం మ్యానిఫోల్డు నట్టు దగ్గర చూడాలి. గ్యాస్ మంట నట్టుకే తగలాలి, స్టడ్డుకు కాదు. వేడికి నట్టు రంధ్రం విచ్చుకుంటుంది. పానా వేసి, ముందు బిగించే వైపే వెంట్రుకవాసి తిప్పుతాడు. తుప్పు పట్టు విడిందని కిర్రుమనే చప్పుడు చెబుతుంది. చప్పుడు లేకుండా పానా మెత్తగా సాగిందంటే స్టడ్డు మెలిపడుతున్నట్టే. టక్కున ఆపేస్తాడు. ఈ తేడా పట్టే చెయ్యి ఏళ్ల మీద గానీ రాదు.

చివరికి గ్రీజు గన్ను. ముందు ఇరుసు నిపుల్లోకి కొడుతూనే ఉంటాడు, బురద కలిసిన నల్ల గ్రీజంతా బయటికొచ్చి కొత్తది కనబడేదాకా.