ప్రియ కష్టపడలేదా సార్?
('పూర్ణ' సినిమా మీద, విజయగాథల మీద కొన్ని మాటలు)

ఒక ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం సాయంత్రం, మా ఆశ్రమ పాఠశాల పిల్లలకు 'పూర్ణ' సినిమా చూపించాం. భోజనాల గది గోడకు తెల్లదుప్పటి కట్టి ప్రొజెక్టరు పెట్టాం. సినిమా హిందీలో ఉంది కాబట్టి పక్కన నిలబడి మాటలకు అర్థం చెబుతూ వచ్చాం. పూర్ణ ఎవరెస్టు మీద కాలు పెట్టగానే పిల్లల చప్పట్లకు రేకులు దద్దరిల్లాయి. లైట్లు వేశాక మాకు అలవాటైన మాటే చెప్పాం: "చూశారుగా, కష్టపడితే సాధించలేనిది లేదు."

వెనక వరసలోంచి ఏడో తరగతి అమ్మాయి లేచి నిలబడింది. "మరి ప్రియ కష్టపడలేదా సార్?" అని అడిగింది.

ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. అన్నం గంట కొట్టారు, పిల్లల్ని వరసగా పంపేశాం. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా చెబుతున్న జవాబు.

సినిమా చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాం. మలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన లంబాడా అమ్మాయి. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ పర్వతారోహణ శిక్షణకు ఎంపికైంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. ఈ కథను రాహుల్ బోస్ సినిమాగా తీశారు, 2017లో విడుదలైంది. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పాత్రను కూడా ఆయనే వేశారు. పూర్ణకు అక్క వరసైన ప్రియ ఇందులో రెండో ముఖ్యమైన పాత్ర. చదువు మీద ఆశ మొదట పుట్టింది ప్రియలోనే. కానీ ప్రియకు చిన్న వయసులోనే పెళ్ళి చేసేస్తారు. తల్లి కాబోతూ ఆ పిల్ల చనిపోతుంది.

ముందుగా సినిమాలో మంచి చెప్పాలి. మన పిల్లల మీద తీసే సినిమాలే అరుదు. వచ్చినవాటిలో మనం చెట్ల చుట్టూ గంతులేసేవాళ్ళంగానో, హీరో కాపాడాల్సిన మందగానో కనిపిస్తాం. ఈ సినిమాలో హాస్టల్ అన్నం ఎలా ఉంటుందో ఉంది. ఆడపిల్ల చదువును పెళ్ళి ఎలా మింగేస్తుందో ఉంది. పూర్ణగా వేసిన అదితి ఇనాందార్ ఎక్కడా బొమ్మలా నవ్వలేదు. భయపడాల్సిన చోట భయపడింది, అలగాల్సిన చోట అలిగింది. మా పిల్లలు అంతసేపు కదలకుండా కూర్చోవడానికి కారణం అదే.

మా పేచీ ప్రియ దగ్గర మొదలవుతుంది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే పేదరికం, ఒకే ఆశ. ఒకరు శిఖరం మీదికి, ఒకరు మట్టిలోకి. ఈ రెండు దారులు ఎక్కడ చీలాయో సినిమా చూపించింది. చూపించి కూడా ఆ చీలిక దగ్గర ఆగలేదు. ప్రియ చావు పూర్ణను మొదట కుంగదీసి, తర్వాత కొండ ఎక్కించే పట్టుదలగా మారుతుంది. అంటే ఒక పిల్ల చావు ఇంకో పిల్ల విజయానికి మెట్టయింది. కథ నడపడానికి అది బాగానే ఉంటుంది. కానీ పెళ్ళిని ఎవరు ఆపాల్సింది, నెలలు నిండే పిల్లను ఎవరు చూడాల్సింది అనే ప్రశ్నలు పూర్ణ కన్నీళ్ళలో కలిసిపోయాయి. మా విద్యార్థిని వాటిని కలిసిపోనివ్వలేదు. సినిమా ఎక్కడ ఆగాలో ఆ పిల్ల అక్కడ ఆగింది.

ఇది ఒక్క సినిమా తప్పు కాదు. మన దగ్గర విజయగాథ అనే రచనకు ఒక మూస ఉంది. పేద ఇల్లు, అవమానం, ఒక కల, నిద్రలేని రాత్రులు, చివర పూలదండ. బస్టాండు పుస్తకాల కొట్టులో ఎన్నో ఏళ్ళుగా కనిపిస్తున్న యండమూరి పుస్తకం పేరే 'విజయానికి ఐదు మెట్లు'. ఆ పేరు జనానికి ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత ఈ తరహా పుస్తకాలన్నీ మెట్ల లెక్కతోనే మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. మాకు ఒక సందేహం. మెట్లు ఉన్నాయి సరే, మెట్ల దాకా దారి ఎవరు వేశారు? మా గూడెం నుంచి రోడ్డుకు రావాలంటే రెండు వాగులు దాటాలి. వానాకాలం ఆ రెండు వాగులు ఎవరి పట్టుదలా చూడవు.

పూర్ణ గెలుపును ఆ దృష్టితో చూద్దాం. ఆమె ధైర్యాన్ని తగ్గించడం మా ఉద్దేశం కాదు. ఆ చలిలో, ఆ ఎత్తులో, శవాల పక్కనుంచి నడిచింది ఆమె కాళ్ళే. కానీ ఆ కాళ్ళు కొండ దాకా చేరడానికి ఎన్ని జరగాలి?

మొదటిది బడి. ఉమ్మడి రాష్ట్రంలో తొలి గురుకులం 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. ఆ ఆలోచన పెరిగి సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి, అందులో ఒకటి తాడ్వాయిలో వచ్చింది, అందులో పూర్ణకు సీటు దొరికింది. అంటే ఆమె పుట్టకముందే ఎవరో ఆమె కోసం గోడలు కట్టి ఉంచారు.

రెండవది ఎంపిక. భువనగిరి గుట్ట మీద వంద మందికి పైగా పిల్లలతో మొదలైన శిక్షణ డార్జిలింగ్ దాటి, లడఖ్ చలి దాటి, చివరకు ఇద్దరి దగ్గర ఆగింది. పూర్ణతో పాటు ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎవరెస్టు ఎక్కాడు. సినిమా పేరు పూర్ణ కాబట్టి ఆనంద్ పక్కన నిలబడిపోయాడు. మిగతా వంద మంది సంగతి అడిగేవాళ్ళే లేరు. వాళ్ళు కష్టపడలేదా?

మూడవది, అన్నిటికంటే ఆశ్చర్యమైనది. 16 ఏళ్ళు నిండనివారిని నేపాల్ తన వైపు నుంచి ఎవరెస్టు ఎక్కనివ్వదు. అందుకే ఈ పిల్లల్ని టిబెట్ వైపు నుంచి తీసుకెళ్ళారు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు మంచుపాతం దగ్గర హిమపాతం పడి 16 మంది నేపాలీ గైడ్లు, సహాయకులు చనిపోయారు. ఆ వైపు ఆ సీజను దాదాపు ఆగిపోయింది. పూర్ణకు అప్పటికే 16 ఏళ్ళు నిండి, నేపాల్ దారినే వెళ్ళి ఉంటే ఆ ఏడాది శిఖరం అందేదా? అడ్డంకి అనుకున్న వయసే దారి చూపింది. దీన్ని ఏ మెట్టు కింద రాస్తాం?

ఇక్కడ మనం 'అదృష్టం' అనే మాట వాడతాం. ఆ మాట అర్థం చూడండి. దృష్టం అంటే కనబడింది. అదృష్టం అంటే కనబడనిది. నిజానికి పైన చెప్పినవాటిలో మంచు విరిగిపడటం ఒక్కటే ఎవరి చేతిలోనూ లేనిది. బడి, సీటు, శిక్షణ, అన్నం, అధికారి శ్రద్ధ అన్నీ మనుషులు చేసినవే, మనుషులు ఆపగలిగినవే. వాటిని చూడకుండా వదిలేసి అదృష్టం అని పేరు పెట్టుకున్నాం. విజయగాథ రాసేవారు వాటిని దాచి కష్టం ఒక్కటే చూపిస్తారు. మా ఇళ్ళల్లో పెద్దలు వాటిని నుదుటిరాత అంటారు. రెండు వైపులా నష్టం మాకే.

మా సంగతే చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. మేము టీచర్ ట్రైనింగ్ డిప్లొమా చేశాం, డీఎస్సీ రాశాం, ఉద్యోగం వచ్చింది. సన్మానాల్లో మమ్మల్ని కూడా "కృషితో పైకొచ్చిన ఆదివాసీ బిడ్డలు" అని పరిచయం చేస్తారు. కృషి చేసిన మాట నిజం. లాంతరు మసికి ముక్కులు నల్లబడ్డ మాట కూడా నిజమే. కానీ మా కృషి కంటే ముందు ఒక కాగితం ఉంది. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబరు 3. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్నది ఆ జీవో. దాని వెనక ఎందరో పెద్దల తిరుగుళ్ళు, అర్జీలు, ధర్నాలు ఉన్నాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలను మాత్రం షరతులతో ఉంచింది. మా బడిలో చదివి, మాకంటే మంచి మార్కులతో అదే డిప్లొమా చేసిన పిల్లలు ఇప్పుడు ఇంటి దగ్గర ఉన్నారు. వాళ్ళు మాకంటే సోమరులా? మేము ముందు పుట్టాం, అంతే.

మా ట్రైనింగ్ బ్యాచ్‌లోనే ఒక మిత్రుడు ఉండేవాడు. లెక్కలు మాకు వాడే చెప్పేవాడు. స్థానికుడని రుజువు చేసే పత్రం కోసం ఒక కార్యాలయానికి మూడుసార్లు తిరిగాడు. సంతకం పెట్టాల్సినవారు మూడుసార్లూ రేపు రమ్మన్నారు. నాలుగోసారి వాగు పొంగింది. గడువు దాటిపోయింది. ఇప్పుడు సంతలో చింతపండు బస్తాలు మోస్తున్నాడు. కలిసినప్పుడల్లా "మాకు రాసిపెట్టి లేదు బావా" అని నవ్వుతాడు. ఆ నవ్వుకు మా దగ్గర జవాబు లేక చాలా ఏళ్ళు తల దించుకున్నాం. ఇప్పుడైతే చెప్పగలం: రాసిపెట్టి లేకపోవడం కాదు బావా, సంతకం పెట్టకపోవడం.

కష్టపడితే చాలు అనే పాఠం పిల్లలకు ఉత్సాహం ఇస్తుందని మేమూ నమ్మేవాళ్ళం. గెలిచిన పిల్లకు ఇస్తుంది. ఓడిన పిల్లకు ఏమిస్తుంది? పదో తరగతి తప్పిన పిల్లవాడు ఆ పాఠాన్ని తిరగేసి చదువుకుంటాడు: నేను ఓడాను, కాబట్టి నేను కష్టపడలేదు, కాబట్టి తప్పు నాదే. లెక్కల టీచరు పోస్టు ఏడాదంతా ఖాళీగా ఉన్న సంగతి వాడికి గుర్తురాదు. మలేరియాతో నెల రోజులు పడుకున్న సంగతి గుర్తురాదు. అలాంటి పిల్లలు మళ్ళీ బడి గేటు దగ్గరకు రావడానికి సిగ్గుపడటం మేము చూశాం. వాళ్ళకు ఆ సిగ్గు నేర్పింది మేమే.

అలాగని కష్టంతో పనిలేదని చెప్పలేం. అలా చెబితే పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు, అధికారి ఫైలు మూసేస్తాడు. అంతా రాత అనుకునే ఊరిని ఎవరూ ప్రశ్నించనక్కర్లేదు, ఆ ఊరు కూడా ఎవరినీ ప్రశ్నించదు. గురుకులం తెరిచే ఉన్నా, పూర్ణ ఆ తాడు పట్టుకోకపోతే ఎవరెస్టు లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పడం కష్టం. కానీ మన పెద్దలకు అది తెలుసు.

మా చిన్నప్పుడు వేట మాంసం పంచడం చూశాం. జంతువు ఎవరి వైపు పరుగెత్తితే వారి బాణానికి తగులుతుంది. కొట్టినవాడికి పేరు ఉంటుంది, ఒక మంచి భాగం ఎక్కువ ఉంటుంది. ఆ గౌరవం ఎవరూ కాదనరు. కానీ పొదలు కొట్టి అరిచినవారికి వాటా ఉంటుంది, ఇంట్లో ఉన్న ముసలివారికి వాటా ఉంటుంది, బాణం గురి తప్పినవాడికి కూడా వాటా ఉంటుంది. ఎందుకంటే రేపు జంతువు అతని వైపు పరుగెత్తవచ్చు. కష్టానికి గౌరవం, కనబడనిదానికి లెక్క, రెండూ ఆ పంపకంలో ఉన్నాయి. ఏ వ్యక్తిత్వ వికాస పుస్తకంలోనూ ఇంత సూటిగా మాకు దొరకలేదు.

మన రచయితలకు మా మనవి ఇదే. మన పిల్లల్లో డాక్టరైనవారి గురించి, ఆటగాళ్ళ గురించి, ఆఫీసర్ల గురించి రాయండి. తప్పక రాయాలి. రాసేటప్పుడు వేట పంచినట్టు రాయండి. ఏ బడి, ఏ జీవో, ఏ టీచరు, ఏ రోడ్డు, ఎవరి చందా ఆ పిల్లను అక్కడిదాకా చేర్చాయో పేరుపేరునా రాయండి. ఆ పిల్లతో పాటు బయలుదేరి ఆగిపోయినవారు ఎక్కడ ఆగారో రాయండి. అప్పుడు కనబడనిది కనబడుతుంది. కనబడినదాన్ని అడగవచ్చు, ఆగిపోతే పోరాడవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. మొన్న వరండాలో పిలిచి కూర్చోబెట్టి చెప్పాం: "ప్రియ కూడా కష్టపడింది తల్లీ. పూర్ణకు బడి దొరికింది, ప్రియకు పెళ్ళి దొరికింది. ఆ తేడా ప్రియ తప్పు కాదు." ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే మా అక్క పెళ్ళి ఆపడానికి ఎవరికి చెప్పాలి సార్?" అని అడిగింది.

ఈసారి అన్నం గంట కోసం చూడలేదు. ఆ సాయంత్రమే వాళ్ళ ఊరికి బయలుదేరాం.