సప్లీకి పరీక్ష ఉంది, పాఠం లేదు

కౌన్సెలింగ్ ముగిసి సీటు ఖాయమైన ఇంట్లో మూడు విషయాలే నలుగుతాయి: ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఎంత ఫీజు. నాలుగేళ్ల తర్వాత పట్టా ఏ లెక్క మీద చేతికొస్తుందో చెప్పే పుస్తకం ఒకటుంది. దాని పేరు అకడమిక్ రెగ్యులేషన్స్. ఎవరైనా తీసి చదువుకోవచ్చు. కానీ చాలామంది దాన్ని తొలిసారి తెరిచేది మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చి ఏదో ఒక సబ్జెక్టు పోయాకే. అప్పుడైనా వెతికేది ఒక్క సమాధానం కోసమే: పై సంవత్సరానికి వెళ్లనిస్తారా, ఆపేస్తారా?

దాన్ని తీరిగ్గా చదవాలి, అందులోనూ కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లూ వాళ్ల తల్లిదండ్రులూ. తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లలో సగానికి మించి ఇప్పుడు కంప్యూటర్ సంబంధ బ్రాంచీలవే. ఆ పుస్తకంలోని ఒక్కో అంకె వేల ఇళ్లను తాకుతుంది.

హైదరాబాద్ జేఎన్‌టీయూనే తీసుకుందాం. ఆర్22 అని అందరూ పిలుచుకునే నిబంధనలు అక్కడ 2022లో చేరిన బ్యాచ్‌తో అమల్లోకి వచ్చాయి; ఇక్కడి అంకెలన్నీ వాటివే. బీటెక్ పట్టాకు 160 క్రెడిట్లు కావాలి. ఎనిమిది సెమిస్టర్లు, సెమిస్టర్‌కు 20. వారానికి ఒక గంట పాఠం చెబితే ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కు ఒక క్రెడిట్. 2016 నిబంధనల్లో మొత్తం క్రెడిట్లు 192గా ఉండేవి. 2018 జనవరిలో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) తన నమూనా పాఠ్యప్రణాళికలో 160 చాలని చెప్పాక ఇక్కడా ఆ అంకెకే దిగారు. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఆగితే సరైన కారణం చూపి కండొనేషన్ ఫీజు కట్టాలి. 65 కూడా లేకపోతే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే.

పాస్ మార్కుల దగ్గర ఒక మెలిక ఉంది. ఇంటర్నల్స్‌కు 40 మార్కులు, ఎక్స్‌టర్నల్‌కు 60. ఇంటర్నల్స్‌లో కనీసం 14, ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21 రావాలి. రెండూ కలిపితే 35 అవుతుంది, కానీ మొత్తం మీద 40 రావాలని మూడో షరతు. కాబట్టి ఇంటర్నల్స్‌లో 14తో గట్టెక్కినవాడు బయటి పరీక్షలో 26 తెచ్చుకుంటేనే పాస్. 22 వచ్చిందని ఊపిరి పీల్చుకున్న కుర్రాడికి మెమోలో ఎఫ్ కనబడితే, మూల్యాంకనంలో ఏదో పొరపాటు జరిగిందనుకుని రీకౌంటింగ్‌కు డబ్బు కడతాడు. ఈ చిన్న కూడికను మొదటి రోజే బోర్డు మీద వేసి చూపిస్తే ఆ డబ్బూ ఆ దిగులూ మిగులుతాయి.

ఇక అందరూ భయపడే డిటెన్షన్. మొదటి ఏడాది 40 క్రెడిట్లలో 20 వస్తే రెండో ఏడాదికి వెళ్లొచ్చు. రెండేళ్లకు కలిపి 80లో 48 ఉంటే మూడో ఏడాదికి, మూడేళ్లకు 120లో 72 ఉంటే నాలుగో ఏడాదికి. వినడానికి ఇది ఉదారంగానే ఉంది, ఉదారంగా ఉండటం మంచిదే. ఊళ్లోని తెలుగు మీడియం బడి నుంచి వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది ఇంగ్లిష్‌తో, హాస్టల్‌తో, ఒంటరితనంతో గడిచిపోతుంది. వాళ్లకు నిలదొక్కుకునే వ్యవధి ఇవ్వాలి.

చిక్కు ఆ అంకెలు ఎక్కువా తక్కువా అన్న దగ్గర లేదు. ఈ లెక్కలో కెమిస్ట్రీ క్రెడిట్ అయినా సీ ప్రోగ్రామింగ్ క్రెడిట్ అయినా ఒకటే. సగం పోయినా రెండో ఏడాదికి వెళ్లొచ్చు. ఆ పోయిన సగంలో సీ ఉన్నా వెళ్లొచ్చు. వెళ్లిన వెంటనే టూ-వన్‌లో, అంటే రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లో, ఎదురయ్యేది డేటా స్ట్రక్చర్స్.

సిలబస్ రాసినవాళ్లకు ఈ సంగతి తెలియదని కాదు. డేటా స్ట్రక్చర్స్ పేజీ తీస్తే, ముందుగా చదివి ఉండాల్సింది ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ అని ఉంటుంది. సీ పాఠానికి అక్కడున్న పేరు అదే. ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు ముందు డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్ కావాలి. కంపైలర్ డిజైన్‌కు ముందు ఆటోమాటా థియరీ కావాలి. ఎంతో ఆలోచించి కట్టిన వరస ఇది, ఒక్కో పాఠం దాని ముందున్నదాని మీద నిలబడుతుంది. అయితే ఆ ‘ముందుగా చదివి ఉండాల్సింది’ అన్న లైనుకు రిజిస్ట్రేషన్ దగ్గర ఏ విలువా లేదు. ముందుది ఫెయిలైనా తర్వాతి క్లాసులో కూర్చోవడానికి అడ్డేమీ ఉండదు.

దీని ఫలితం ల్యాబ్‌లో కనిపిస్తుంది. లింక్డ్ లిస్ట్‌లో మొదటి నోడ్‌ను తొలగించే ఫంక్షన్ రాయమంటారు. విద్యార్థి రికార్డులో ఉన్న ప్రోగ్రాం గుర్తు తెచ్చుకుని రాస్తాడు: మొదటి నోడ్‌ను చూపే హెడ్ పాయింటర్‌ను రెండో నోడ్‌కు జరిపాడు, పాత నోడ్‌ను ఫ్రీ చేశాడు. కంపైల్ అయింది, ఎర్రర్ ఒక్కటీ లేదు. రన్ చేస్తే ఒకసారి లిస్ట్ సరిగ్గా వచ్చినట్టే ఉంటుంది, ఇంకోసారి ఏవో చెత్త అంకెలు, మరోసారి సెగ్మెంటేషన్ ఫాల్ట్. సీలో ఫంక్షన్‌కు పంపేది హెడ్ నకలు మాత్రమే. లోపల మారింది ఆ నకలు. బయట మెయిన్‌లో ఉన్న హెడ్ ఇంకా ఫ్రీ అయిపోయిన చోటునే పట్టుకుని ఉంది. కొత్త హెడ్‌ను ఫంక్షన్ తిరిగి ఇచ్చేలా రాయాలి, లేదా హెడ్ చిరునామానే పంపాలి. ఇందులో డేటా స్ట్రక్చర్స్ పాఠం పిసరంతే, మిగతాదంతా సీ. సీ పోయిన పిల్లాడికి ఇక్కడ తప్పు ఎక్కడుందో కనిపించదు, వెతకాల్సింది మెయిన్‌లోనన్న ఊహ కూడా తట్టదు. పక్కవాడి ప్రోగ్రాం ఎక్కించుకుని అవుట్‌పుట్ చూపిస్తాడు. నలభై, యాభై మంది ఉన్న బ్యాచ్‌లో ఒక్కొక్కరి దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి ఈ సంగతి విప్పి చెప్పే వ్యవధి అధ్యాపకురాలికి ఉండదు. సంతకం పెట్టి ముందుకు సాగుతారు.

మరి ఆ సీ ఎప్పుడు వస్తుంది? సప్లీలో వస్తుందని అందరి నమ్మకం. సప్లీ, అంటే సప్లిమెంటరీ, పరీక్ష ఒక్కటే. దానికి క్లాసు లేదు, ల్యాబ్ లేదు, మళ్లీ మొదట్నుంచి చెప్పే మనిషి లేడు. టూ-వన్ పాఠాలు ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క ఆల్-ఇన్-వన్ గైడు కొనుక్కుని, సీనియర్లు పంపిన ముఖ్యమైన ప్రశ్నలు చూసుకుని రాయాలి. ప్రశ్నపత్రంలో ఐదు యూనిట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కు 12 మార్కులు: ఒక మార్కు ప్రశ్నలు రెండు, పది మార్కుల ప్రశ్న ఒకటి. పాయింటర్లున్న యూనిట్ మొత్తం వదిలేసినా ఇంకా 48 మార్కులు చేతిలో ఉంటాయి, కావాల్సింది 21, ఇంటర్నల్స్‌లో 14 మాత్రమే ఉంటే 26. పాసవడానికి పాయింటర్ల జోలికే పోనక్కర్లేదు. క్రెడిట్లు ఖాతాలో పడతాయి, బ్యాక్‌లాగ్ చెరిగిపోతుంది, క్యాంపస్ సెలక్షన్లకొచ్చే కంపెనీ అడిగే ‘యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు’ అన్న షరతూ తీరిపోతుంది. పిల్లవాడికి మాత్రం ఆ పాఠం ఎవరూ మళ్లీ చెప్పలేదు.

కావాలంటే కొనుక్కోవాలి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల వీధుల్లో సీ, జావా, డేటా స్ట్రక్చర్స్ చెప్పే ఇన్‌స్టిట్యూట్లు ఇన్నేళ్లుగా కిటకిటలాడుతున్నాయంటే ఒక కారణం ఇదే. అక్కడ కూర్చున్నవాళ్లు కాలేజీకి కట్టిన ఫీజుకే వినాల్సిన పాఠాన్ని మరోసారి డబ్బు పెట్టి వింటున్నారు. అదే వీధుల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులూ దొరుకుతాయి. టూ-వన్‌లో తెగిన వరస ఫోర్-టూ దాకా అతుక్కోకపోతే ఇంకేం చేస్తారు? వాళ్లను తిట్టడం తేలిక. మూడేళ్ల కిందట ఆ తెగిన చోట ఎవరూ ఆగలేదన్నది మాట్లాడుకోవాల్సిన విషయం.

వరసను గట్టిగా పట్టుకున్న చోట్లు ఉన్నాయి. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ డిగ్రీకి 128 క్రెడిట్ గంటలు, మన 160 కంటే తక్కువ అంకె. అక్కడ ఈసీఈ 120 అనే పాఠంతో మొదలవుతుంది: బిట్లు, గేట్లు, వాటితో ఒక చిన్న కంప్యూటర్ ఎలా నిలబడుతుందో అన్నది. ఆ తర్వాత ఈసీఈ 220. ఎల్‌సీ-3 అనే 16 బిట్ల బోధనా కంప్యూటర్ మీద అసెంబ్లీ రాయించి, అక్కడి నుంచి సీలోకి తీసుకెళ్తారు. పాయింటర్ అంటే మెమరీ చిరునామా అన్న సంగతి అప్పటికే చేతులకు అలవాటై ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పని చేయించే ఈసీఈ 391లో చేరాలంటే 220 ముందే పూర్తి చేసి ఉండాలి, డిస్క్రీట్ మ్యాథ్స్ కూడా. లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు.

అలా కింద నుంచి పైకి కట్టే ముడిసరుకు మన సిలబస్‌లోనూ ఉంది. ‘సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ఎందుకు’ అని అడిగేవాళ్లు బ్రెడ్‌బోర్డు మీద ఒక 7400 చిప్ పెట్టి చూడాలి. పద్నాలుగు కాళ్లు. ఏడో కాలికి గ్రౌండ్, పద్నాలుగో కాలికి ఐదు వోల్టులు. లోపల నాలుగు నాండ్ గేట్లు. ఆ నాలుగింటినీ వైర్లతో కలిపితే ఎక్స్‌ఓఆర్ వస్తుంది. రెండో చిప్ నుంచి ఇంకొక్క నాండ్ అరువు తెచ్చుకుంటే క్యారీ కూడా వచ్చి, రెండు బిట్లను కూడే హాఫ్ యాడర్ తయారవుతుంది. ఎల్ఈడీ వెలిగినప్పుడు, ఒకటీ ఒకటీ కలిపితే సున్నా పడి ఒకటి పక్క స్థానానికి వెళ్లడం కళ్లెదుటే జరుగుతుంది. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో బొమ్మగా చూసే ఏఎల్‌యూ ఇక్కడే మొదలవుతుంది. ఆర్22లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, డేటా స్ట్రక్చర్స్ మూడూ ఒకే టూ-వన్‌లో పడ్డాయి. చెప్పే ముగ్గురూ వారానికోసారి కూర్చుని మాట్లాడుకుంటే ఆ మూడు పాఠాలూ ఒకదాన్నొకటి నిలబెడతాయి.

అయితే ఇల్లినాయ్ పద్ధతిని ఎత్తి ఇక్కడ పెట్టేయమనడం అన్యాయం. అక్కడ 120, 220 లాంటి పాఠాలు ఏడాదికి రెండు సెమిస్టర్లలోనూ చెబుతారు. ఒకటి పోతే వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ క్లాసులో కూర్చోవచ్చు. ఒక్కో విద్యార్థి టైంటేబుల్ ఒక్కోలా ఉంటుంది. మన అనుబంధ కాలేజీల్లో సెక్షన్ మొత్తానికి ఒకటే టైంటేబుల్. సీ పాఠం ఏడాదికి ఒక్కసారే. ‘సీ పాసైతేనే డేటా స్ట్రక్చర్స్’ అని రేపు రూలు పెడితే, ఒక్క సబ్జెక్టు కోసం ఏడాది మొత్తం పోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు ఆ ఏడాది ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు. పాఠం మళ్లీ చెప్పే ఏర్పాటు లేకుండా అడ్డు మాత్రం పెడితే అది శిక్షే అవుతుంది.

అలాగని మూలపాఠాలను వదిలేయనక్కర్లేదు. క్రెడిట్‌కు సంబంధం లేకుండా ‘ఇది తప్పనిసరి’ అని చెప్పడం యూనివర్సిటీకి కొత్తేమీ కాదు. రాజ్యాంగం, పర్యావరణ శాస్త్రం, జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ ఆర్22లో సున్నా క్రెడిట్ల పాఠాలు. సీజీపీఏలో వాటికి చోటు లేదు, కానీ అవి పాసవకుండా పట్టా లేదు. లెక్కకు అతీతంగా ఒక పాఠాన్ని విలువైనదిగా నిలబెట్టడం చేతనైనప్పుడు, నాలుగైదు మూలపాఠాలకు అదే పట్టుదల చూపించడం కష్టం కాకూడదు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఇంకో దారి పట్టింది. ఫ్రాక్టల్ అకడమిక్స్ పేరుతో పాఠాలను ఒక క్రెడిట్, అర క్రెడిట్ ముక్కలుగా కూడా విడగొట్టింది. చిన్న ముక్క పోతే ఆ చిన్న ముక్కే మళ్లీ చదవాలి. పెద్ద అనుబంధ వ్యవస్థలో అంత చేయలేకపోవచ్చు. వేసవిలో కొంత చేయొచ్చు.

లెక్క చూడండి. సీ పాఠం వారానికి మూడు గంటలు, ల్యాబ్ రెండు గంటలు. పదహారు వారాలనుకుంటే మొత్తం 80 గంటలు. అదే పాఠాన్ని సెలవుల్లో ఆరు వారాలకు సర్దితే, వారానికి ఐదు రోజుల చొప్పున రోజుకు మూడు గంటల లోపే. ల్యాబ్‌లు అప్పుడు ఖాళీగానే ఉంటాయి, కంప్యూటర్లు ఉన్నవే. క్లాసులో ఇరవై, పాతిక మందికి మించకూడదు, ఎందుకంటే ఆ పిల్లలకు కావాల్సింది పక్కన నిలబడి తప్పు చూపించే మనిషి. ఒక్కో కాలేజీలో సీ పోయినవాళ్లు మరీ తక్కువైతే దగ్గరి మూడు కాలేజీలు కలిసి ఒకే చోట నడపొచ్చు. చెప్పే అధ్యాపకులకు ఆ గంటలను వర్క్‌లోడ్‌లో కలిపి జీతం ఇవ్వాలి. సప్లీ ఫీజు కట్టిన విద్యార్థి దగ్గర మళ్లీ ఇంకో ఫీజు వసూలు చేయకూడదు. చివర్లో పరీక్ష కూడా కాగితం మీద కాకుండా కంప్యూటర్ ముందే పెట్టాలి, పాయింటర్లు వదిలేసి పాసయ్యే వీలు లేకుండా. మొదటి వేసవికి సీ ఒక్కటి చాలు. అది కుదురుకుంటే రెండో వేసవికి డేటా స్ట్రక్చర్స్, ఆ పైన డిస్క్రీట్ మ్యాథ్స్.