మైనస్ 999 కనబడుతోందా?

"మేడమ్, కోడు రాయడానికి ఏ ఎడిటర్ వాడమంటారు?" ల్యాబ్‌లో చేరిన పిల్లలు మొదటి వారంలోనే అడుగుతారు. నేనో పేరు చెబితే పక్క గదిలో మాస్టారు ఇంకో పేరు చెబుతారు. ఇద్దరి మాటనీ సీనియర్లు కొట్టిపారేస్తారు. అందుకే పేరు చెప్పడం మానేశాను. నీ డేటా ఏమిటో చెప్పు, అది దేన్లో బాగా కనబడుతుందో చూద్దాం అంటాను.

మాది వానల లెక్క. భారత వాతావరణ శాఖ దేశాన్ని పావు డిగ్రీ గడులుగా విడగొట్టి, 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని ఇస్తోంది. ఒక్కో రోజుకి నిలువునా 129, అడ్డంగా 135 గడులు. ఆ చట్రంలో దేశం పోగా మిగిలిన చోటంతా సముద్రం, పొరుగు దేశాలు. అక్కడ లెక్క లేదని తెలియడానికి మైనస్ 999 అని నింపి ఉంటుంది. కోనసీమ చుట్టూ ఓ చట్రం గీసి, సముద్రపు గడులు తీసేయకుండా సగటు కట్టండి. జులై నెలలో కూడా వాన సున్నాకి దిగువన తేలుతుంది. అది నయం, చూడగానే దొరికిపోతుంది. వెయ్యి గడుల్లో ఒకే ఒక్క మైనస్ 999 కలిసిందనుకోండి, సగటు తగ్గేది ఒక మిల్లీమీటరు. అది ఎవరి కంటికి ఆనుతుంది?

ఎడిటర్‌ని నేను తూచేది ఇక్కడే. పియెర్ రేబో 2009లో మొదలుపెట్టిన స్పైడర్‌ని మా కుర్రాళ్లు పాతకాలపు సరుకు అంటారు. కానీ అందులో మెమరీలో ఉన్న ప్రతి అంకెల పట్టికా ఓ పక్కన పేరుతో సహా కనబడుతుంది. నొక్కితే గడి గడికీ విలువను బట్టి రంగు వేసి మరీ చూపిస్తుంది. మైనస్ 999 అందులో దాక్కోలేదు. మ్యాట్‌ల్యాబ్ అలవాటైన వాళ్లకి అది సొంతిల్లులా ఉంటుంది. ఆర్ భాషలో గణాంకాలు చేసేవాళ్లకి ఆర్‌స్టూడియో ఇలాంటి ఉపకారమే చేస్తుంది.

ఇక జూపిటర్ నోట్‌బుక్. ఫెర్నాండో పెరెజ్ పరిశోధక విద్యార్థిగా ఉండగా 2001లో రాసుకున్న ఐపైథాన్ దీనికి మూలం. 2014లో జూపిటర్ అయింది. కోడు, దాని కిందే గ్రాఫు, పక్కన నాలుగు మాటలు రాసుకునే వీలు; ఆలోచిస్తూ తడుముకుంటూ సాగే పనికి ఇంతకంటే హాయైనది నేను చూడలేదు. (గ్రాఫు మీద తెలుగులో 'వర్షపాతం' అని రాయబోతే మాత్రం గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఏళ్ల తరబడి ఒత్తుల్ని విడగొట్టి పక్కన నిలబెట్టేది. ఆ బాధ మనదే, ఇంగ్లీషు వాడికి తెలియదు.)

జూపిటర్‌తో చిక్కు వేరే ఉంది. కోడును ముక్కలుగా రాసుకునే సెల్స్‌ని మీ ఇష్టం వచ్చిన వరసలో నడపవచ్చు. మూడో సెల్‌లో మైనస్ 999లన్నీ తీసేస్తారు. తర్వాత శుభ్రం చేస్తున్నామనుకుని ఆ సెల్‌నే చెరిపేస్తారు. శుభ్రమైన పట్టిక మెమరీలో ఇంకా ఉంది కాబట్టి సాయంత్రం దాకా జవాబులన్నీ సరిగ్గానే వస్తాయి. మర్నాడు తెరిచి మొదటి నుంచి నడిపితే నిన్నటి వాన ఈరోజు ఉండదు. తెరమీద ఉన్న కోడు ఒకటి, ఫలితాన్నిచ్చిన కోడు ఇంకొకటి. 2019లో ఒక పరిశోధక బృందం గిట్‌హబ్‌లో దొరికిన లక్షల నోట్‌బుక్‌లను తిరిగి నడిపి చూసింది. ఇబ్బంది లేకుండా చివరిదాకా నడిచినవి 24 శాతం చిల్లర. వాటిలో పాత ఫలితమే మళ్లీ వచ్చినవి మొత్తంలో 4 శాతం. అందుకే నాకు గ్రాఫు చూపించే ముందు వెనక కోడును నడిపే కెర్నల్‌ని రీస్టార్ట్ చేసి అన్ని సెల్స్‌నీ వరసగా నడపాలన్నది మా ల్యాబ్‌లో షరతు. సెల్స్ ఎడమపక్క బ్రాకెట్లలో నడిచిన వరసను చూపే అంకెలు ఒకటి, రెండు, మూడు అని క్రమంలో లేకపోతే ఆ గ్రాఫు చూడను. మొండితనం అనుకుంటారు, అనుకోనీ. పేపర్‌కి వెళ్లే లెక్క మాత్రం నోట్‌బుక్‌లోంచి మామూలు ఫైలులోకి మారి, ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్‌లోకి ఎక్కాల్సిందే.

ఎక్సెల్ గురించి ఒక్క మాట చాలు. సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లను అది అడగకుండానే తేదీలుగా మార్చేస్తుంటే, విసిగిపోయిన శాస్త్రజ్ఞులు చివరికి జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఆ కొత్త పేర్లపై మార్గదర్శకాలు 2020లో వచ్చాయి.

2015లో వచ్చిన వీఎస్ కోడ్ ఇప్పుడు అందరి చేతిలోనూ ఉంది, నా చేతిలో కూడా. నోట్‌బుక్ తెరుస్తుంది, గిట్ చూపిస్తుంది, దూరాన ఉన్న సర్వర్‌లో ఫైళ్లనూ దిద్దనిస్తుంది. ఎక్స్‌టెన్షన్లూ రంగులూ మార్చుకుంటూ వారం గడిపేసేవాళ్లని చూస్తేనే ఒళ్లు మండుతుంది. పక్కనే కూర్చుని కోడు అందించే ఏఐ సంగతి కూడా చెప్పాలి. సగటు కట్టే లైను నాకంటే వేగంగా రాస్తుంది. సముద్రం మీది గడుల్లో ఏముందో ఫైలు తెరిచి చూడమని ఎవరో ఒకరు చెప్పకపోతే మాత్రం చూడదు.

ఇవేవీ పనిచేయని రోజు వస్తుంది. పెద్ద మోడల్ సర్వర్‌లో నడుస్తుంటుంది, వైఫై ఊగిసలాడుతుంటుంది, చేతిలో నల్లటి టెర్మినల్ ఒక్కటే ఉంటుంది. ఆరోజు రెండే దిక్కు. ఒకటి టీమక్స్: ఇక్కడ కరెంటు పోయినా అక్కడి పని ఆగదు, తిరిగి కలిస్తే వదిలిన చోటే ఉంటుంది. రెండోది వీఐ. 1976లో బిల్ జాయ్ రాసినది; ఆయన వాడిన టెర్మినల్ కీబోర్డులో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటల మీద ఉండేవి కాబట్టి ఈనాటికీ కర్సర్ వాటితో కదులుతుంది. దాని వారసుడు విమ్‌ని తెరిస్తే ఉగాండాలోని పేద పిల్లలకు సాయపడమని పలకరిస్తుంది. అది రాసిన బ్రామ్ మూలెనార్ కోరిక అదే. విమ్‌లో పండితులు కానక్కర్లేదు. బయటపడే దారి తెలిస్తే చాలు: ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. దిద్దినది ఉండిపోవాలంటే ఆశ్చర్యార్థకం మానేసి, క్యూకి ముందు డబ్ల్యూ.