ముందు తేల్చాలి, తర్వాతే మార్చాలి

వీరులపాడు మండలంలో పండిన పత్తిని నందిగామకు, మిర్చిని గుంటూరు యార్డుకు మోసే పికప్ బండ్లలో చేతులు మారినవి, రెండు మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినవి తక్కువేం కాదు. అలాంటి బొలెరో ఒకటి స్లోలో వణుకుతూ, లోడు మీద లాగక తెల్లపొగ వదిలిందంటే ఇంజిన్ మిస్సవుతోందని ఓనరు గ్రహిస్తాడు. నాజిళ్ల సెట్టు మార్పించడమో, పంపు విప్పించడమో మొదటి ఆలోచన అవుతుంది. పాత డీజిల్ మేస్త్రీల పద్ధతి వేరు. ఏ సిలిండరో, ఏ కారణమో తేలేదాకా వాళ్లు సామాను కొననివ్వరు. ఆ పట్టుదల వెనక గట్టి తర్కం ఉంది.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. కాబట్టి సిలిండరు మిస్సయితే డీజిల్ సరిగా అందనట్టు, లేదా కంప్రెషన్ చాలనట్టు. మేస్త్రి ఖర్చులేని అనుమానాలతో మొదలుపెడతాడు. ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదిలి, చేతిపంపు కొట్టి బుడగలు ఆగేదాకా ఎయిర్ తీస్తాడు. అప్పటికీ కుదరకపోతే, మెకానికల్ పంపున్న పాత బండి అయితే, ఇంజిన్ స్లోలో నడుస్తుండగా నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేస్తాడు. పనిచేసే సిలిండరైతే వెంటనే శబ్దం పడిపోయి వణుకు పెరుగుతుంది. వదిలినా తేడా రాని చోటే జబ్బు. ఆ నాజిల్‌ను పక్కదానితో మార్చి బిగిస్తాడు. మిస్సింగ్ దాని వెంట వెళ్తే దోషం నాజిల్‌దే. పాత చోటే ఉంటే ఆ పైపులోకి పంపు ఇచ్చే డీజిల్ చూసి, ఆపైన ట్యాపెట్ గ్యాప్ కొలిచి, గేజితో కంప్రెషన్ పరీక్షిస్తాడు. వాల్వులు, రింగులు, హెడ్ గ్యాస్కెట్ సంగతి అక్కడ బయటపడుతుంది.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లే వస్తుంటే ఈ విద్య ఎందుకనేవారున్నారు. వారి మాటలో సగం నిజముంది. ఈ కొత్త బండ్లలో ఇంజెక్టర్లకు డీజిల్ అందించే కామన్ రైల్ ఒత్తిడి లోడు మీద వెయ్యి బార్ దాటుతుంది. నట్టు వదిలితే సన్నని ధార చర్మంలోకి దూసుకుపోయి చేతికే ముప్పు తెస్తుంది. అక్కడ ఆ పని అస్సలు చేయకూడదు. తర్కం మాత్రం మారలేదు: స్కానరుతో ఇంజెక్టర్లను ఒక్కొక్కటే ఆపి చూస్తారు, రిటర్న్ పైపులకు సీసాలు పెట్టి ఏది ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతోందో పోలుస్తారు. స్కానరులో పీ0302 కనిపిస్తే రెండో సిలిండరు మిస్సవుతోందని తెలుస్తుంది; కారణం మనమే వెతకాలి. సీజన్‌లో అంత తీరిక ఎక్కడిది, సెట్టు మార్చేస్తే పోలా అన్న వాదనా ఉంది. కాలిన వాల్వుకు కొత్త నాజిల్ మందు కాదు. డబ్బూ పోతుంది, కిరాయీ పోతుంది.

పాత పికప్ కొనేవారు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే దగ్గరుండి స్టార్ట్ చేయించండి. వేడెక్కాక చాలా లోపాలు కనిపించవు. మరమ్మతుకిస్తే, సామాను డబ్బు చేతిలో పెట్టేముందు ఏ సిలిండరో, ఏ పరీక్షతో తేల్చారో అడగండి.